పడవల నమోదు ఎవరి పూచీ?

బాచుపల్లికి నది లేదు. సముద్రమును చూడవలెనన్న ఒక రాత్రి ప్రయాణము చేయవలెను. ఒకనాడు పొలములు, చెరువులు గల పల్లె. నేడు మేడలు పెరిగి మహానగరమున కలసిపోయిన పేట. ఇట్టి యూర కూర్చుండి పడవల చట్టమును గూర్చి వ్రాయుటేల యని చదువరులకు ఆశ్చర్యము కలుగవచ్చును. గడచిన వారము మా పఠనాలయమున జరిగిన సంభాషణయే ఇందులకు కారణము.

ఒక వృద్ధమిత్రుని కుమారుడు అమెరికాలో ఉద్యోగము చేయుచున్నాడు. అతడచ్చట ఒక మోటారు పడవను కొనదలచి, దానిని కేంద్రప్రభుత్వపు పుస్తకమున ఎక్కించుట మేలా, తాను నివసించు రాష్ట్రపు పుస్తకమున ఎక్కించుట మేలా యని తండ్రిని అడిగెను. తండ్రి న్యాయవాదులమని మమ్ము అడిగిరి. మాకు తెలిసినంత చెప్పితిమి. అంతయు విని ఆ పెద్దలు, "మరి మన పాపికొండల లాంచీకి ఎవరి ముద్ర ఉంటుంది, వకీలుగారూ?" అనిరి. అప్పుడా గదిలో పదిమంది విద్యావంతులుండిరి. ఒక్కరును బదులు చెప్పలేకపోయిరి. వారిలో సగము మంది ఆ లాంచీ ఎక్కి వచ్చినవారే!

ముందుగా అమెరికా సంగతి చెప్పి, పిదప మన యింటి సంగతికి వత్తుము. ఆ దేశమున 5 నెట్ టన్నులు, అంతకు మించిన పరిమాణము గల పడవను తీరరక్షక దళమువారి కేంద్ర పుస్తకమున నమోదు చేయించుకొనవచ్చును. ఈ పద్ధతికి మూలము 1789లో వారి మొట్టమొదటి కాంగ్రెసు చేసిన చట్టము. తీరవాణిజ్యమునకు, చేపల వేటకు వాడు అంత పరిమాణపు పడవకు ఇది విధి. విహారమునకు మాత్రమే వాడు పడవకు యజమాని యిష్టము. కేంద్ర పుస్తకమున ఎక్కిన పడవ వెనుకభాగమున దాని పేరును, రేవు పేరును వ్రాయుదురు; రాష్ట్రపు పుస్తకమున ఎక్కిన దానికి ముందుభాగమున అంకెలు వేయుదురు. కేంద్ర పత్రము ఉన్నచో పరదేశపు రేవులలో పడవ జాతీయత సులభముగ రుజువగును. పడవను తాకట్టు పెట్టుకొని అప్పిచ్చు బ్యాంకునకు ధైర్యము కలుగును. ఇదంతయు బాగుగనే యున్నది. కాని యజమాని అమెరికా పౌరుడు కావలెను. వీసాపై పనిచేయు మన తెలుగు యువకునకు, గ్రీన్ కార్డు మాత్రమే గలవానికి సైతము ఆ పుస్తకమున చోటు లేదు. కనుక మా మిత్రుని కుమారునకు సందేహము అక్కరలేదు. ఆతడు పౌరసత్వము పొందునంతవరకు రాష్ట్ర నమోదే శరణ్యము.

ఇందు గ్రహింపవలసినది వేరొకటి యున్నది. విహారపు పడవకు ఆ రెండు పత్రములలో ఏదియు, పడవ అడుగు గట్టిదని గాని, ఇంజను సరిగా నున్నదని గాని, నడపువాడు నేర్పరి యని గాని హామీ యియ్యదు. పడవ ఎవరిది, ఏ జెండా క్రిందిది అను రెండు మాటలే ఆ పత్రములు చెప్పును. స్వంత పడవలో స్వంత కుటుంబముతో విహరించు ధనికునకు అది చాలును గాబోలు. టిక్కెట్టు కొని, పిల్లలను చంకనెత్తుకొని, పరుల పడవ నెక్కు మనకు చాలునా?

మన దేశమున పడవ యజమానికి ఇట్టి ఎంపిక లేదు. నీరే నిర్ణయించును. సముద్రమున తిరుగు నౌక కేంద్రప్రభుత్వపు నౌకాశాఖవారి పుస్తకమున ఎక్కవలెను. ఇందులకు 1958 నాటి వాణిజ్య నౌకల చట్టము ఆధారముగ నుండెను. దాని స్థానమున 2025లో పార్లమెంటు క్రొత్త చట్టమును చేసినది. నదులలో, కాలువలలో, జలాశయములలో తిరుగు మరపడవ రాష్ట్రప్రభుత్వము నియమించిన అధికారి పుస్తకమున ఎక్కవలెను. ఈ విభజనకు మూలము రాజ్యాంగపు ఏడవ షెడ్యూలు. సముద్రయానము కేంద్రపు పట్టికలో నున్నది. దేశాంతర్గత జలములపై యంత్రముతో నడచు పడవల విషయము ఉమ్మడి పట్టికలో నున్నది. అయితే ఆ జలమార్గమును పార్లమెంటు జాతీయ జలమార్గముగ ప్రకటించినచో అది కేంద్రపు పట్టికలోనికి పోవును. తక్కిన పడవలు, కాలువలు, రేవులు రాష్ట్రమునకు మిగులును. ఈ పంపకము 1935 నాటి భారతప్రభుత్వ చట్టమున తెల్లవారు గీచిన గీతలకు దాదాపు నకలు.

ఆ గీతల కంటె పాతది మరియొకటి కలదు. 1917లో పరప్రభుత్వము దేశాంతర్గత ధూమనౌకల చట్టమును చేసెను. మొగలాయి కాలమున గాదు, మొన్న మొన్నటి వరకు, అనగా 2021 వరకు, సవరణలతో ఆ చట్టమే మన నదులను ఏలినది. స్వరాజ్యము వచ్చిన తరువాత 74 సంవత్సరములు! స్వదేశీ నౌకలకొరకు మన పెద్దలు పడిన పాట్లు తలచిన సిగ్గు కలుగును. 1906లో చిదంబరం పిళ్లె స్వదేశీ స్టీము నావిగేషను కంపెనీని స్థాపించి, ఆ నేరమునకే యన్నట్లు చెరసాలలో గానుగ త్రిప్పెను. 1919 ఏప్రిలు 5న సింధియా కంపెనీవారి "లాయల్టీ" బొంబాయి నుండి లండనుకు బయలుదేరిన దినమును నేటికిని మనము జాతీయ నౌకాదినముగ జరుపుకొనుచున్నాము. సముద్రముపై మన జెండాకొరకు అంత పోరాడిన జాతి, తన నదులపై తిరుగు పడవల చట్టమును మాత్రము పరులది పరులదిగనే యుంచుకొన్నది.

తెలుగుదేశమునకు పడవల నమోదు క్రొత్త కాదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తి యైన పిదప గోదావరి డెల్టా కాలువలు పైరులకు నీటినే గాక ధాన్యపు పడవలకు త్రోవను గూడ ఇచ్చెను. కాకినాడ నుండి మద్రాసు వరకు కాలువల మీదనే సరకు పోవుచుండెడిది. ఆ పడవలపై తనిఖీ, లైసెన్సు, రుసుము మొదలగు ఏర్పాట్లకై 1890లో మద్రాసు ప్రభుత్వము కాలువల, రేవుల చట్టమును చేసినది. ఆ నాటి పడవవానికి ఒక కాలువ, ఒక లాకు, ఒక అధికారి. తప్పు జరిగిన ఎవరిని పట్టుకొనవలెనో ఎల్లరకు తెలియును.

ఎట్టకేలకు 2021లో పార్లమెంటు దేశాంతర్గత నౌకల చట్టమును చేసి 1917 నాటి దానిని రద్దుచేసినది. ఈ క్రొత్త చట్టమును మేము చదివితిమి. మంచి చట్టము. మరపడవకు నమోదు పత్రము వేరు, తనిఖీ పత్రము వేరు, రెండును ఉండవలెను. సరంగునకు, ఇంజను నడపువానికి యోగ్యతాపత్రము ఉండవలెను. ప్రాణరక్షణ సామగ్రి, అగ్నినివారణ సామగ్రి ఉండవలెను. భీమా ఉండవలెను. ఒక రాష్ట్రమున పొందిన నమోదు దేశమంతట చెల్లును. హద్దు దాటినప్పుడు వేరొక అనుమతి అక్కరలేదు. అన్ని రాష్ట్రముల వివరములును ఒక కేంద్ర చిట్టాలో చేరవలెను. చట్టము కేంద్రముది, చేయి రాష్ట్రముది, చిట్టా ఉమ్మడిది.

ఈ ఏర్పాటు విలువ తెలుగువారి కంటె ఎక్కువగ ఎవరికి తెలియును? 2014 జూన్ 2న మనకు రెండు రాష్ట్రములేర్పడినవి. నీరు మాత్రము రెండు కాలేదు. నాగార్జునసాగరమున ఎక్కిన లాంచీ శ్రీశైలమునకు పోవునప్పుడు ఒక గట్టు తెలంగాణము, మరియొక గట్టు ఆంధ్రము. భద్రాచలమున రాముని దర్శించి పాపికొండలకు పోదలచిన బాచుపల్లి యాత్రికుడు పోచవరమున లాంచీ ఎక్కునప్పటికి వేరొక రాష్ట్రమున నుండును. ఆ రెండు రాష్ట్రముల కొలతలు రెండైనచో నష్టపోవునది అతడే. పైగా గోదావరిలో భద్రాచలము నుండి రాజమహేంద్రవరము వరకును, కృష్ణలో వజీరాబాదు నుండి విజయవాడ వరకును గల జలములను 2008లోనే పార్లమెంటు 4వ జాతీయ జలమార్గమున చేర్చినది. 2016 చట్టముతో దేశమున ఇట్టి మార్గములు 111 అయినవి. అనగా పాపికొండల నీరు ఢిల్లీ ప్రకటించిన నీరు. దానిపై తిరుగు లాంచీ రాష్ట్రపు పుస్తకములోని లాంచీ.

అయినను ఏమి జరిగినది? 2017 నవంబరు 12, కార్తికమాసపు ఆదివారము, విజయవాడ సమీపమున పవిత్ర సంగమము వద్ద కృష్ణలో పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించిరి. ఆరు నెలలకే, 2018 మే 15న, మంటూరు వద్ద గోదావరిలో గాలివానకు లాంచీ మునిగి గిరిజనులు అనేకులు జలసమాధి యైరి. వారు విహారమునకు పోయినవారు గారు. పనులు చూచుకొని ఇల్లు చేరబోవుచున్న బీదవారు. 2019 సెప్టెంబరు 15, మరల ఆదివారము. గోదావరి వరదలో నున్నది. ప్రవాహము సుమారు 5 లక్షల క్యూసెక్కులు. ఆ వరదలో పాపికొండలకు బయలుదేరిన లాంచీ కచ్చులూరు వద్ద సుడిలో చిక్కి మునిగినది. సుమారు 50 ప్రాణములు పోయినవి. వారిలో హైదరాబాదువారు కలరు, వరంగల్లువారు కలరు. లాంచీని నది గర్భము నుండి పైకి తీయునప్పటికి అక్టోబరు 22 వచ్చినది. అంతవరకు గట్టున కూర్చుండి నీటివంక చూచిన తల్లిదండ్రులను తలచుకొన్న గుండె చెరువగును.

అటుపిమ్మట జరిగిన వాదమును చదువరులు మరచియుండరు. ఓడరేవుల శాఖ, జలవనరుల శాఖ, పర్యాటక శాఖ, పోలీసు శాఖ: ఏ శాఖ అనుమతి నిచ్చినది, ఏ శాఖ ఇయ్యలేదు, ఆపవలసినవారెవరు అని దినపత్రికలలో దినములతరబడి తర్కము నడచినది. ఒక లాంచీకి నలుగురు తండ్రులు. అది మునిగిననాడు నలుగురును తండ్రులు గారు! కోర్టులలో ఇరువది సంవత్సరములుగ మేము చూచుచున్న సంగతి ఇదియే. పది సంతకములు గల దస్తావేజుకు బాధ్యుడు దొరకడు. ఒక్క సంతకము గల దానికి దొరకును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ లోపమును గుర్తించి 2020లో నదీతీరములందు, సాగరతీరమున 9 కంట్రోలు గదులను నెలకొల్పినది. ఇది మెచ్చదగిన పని. కాని గది కట్టుట ఒక ఎత్తు. వరద పెరిగిన ఆదివారమున, టిక్కెట్లమ్ముడు పోయిన పిదప, "నేడు లాంచీ కదలరాదు" అని చెప్పి దానిని నిలువరించు అధికారిని అందు కూర్చుండబెట్టుట మరియొక ఎత్తు.

నమోదు పుస్తకములు అనేకమైనప్పుడు ఎట్టి కీడు మూడునో కేరళము మనకు నేర్పినది. 2023 మే 7న మలప్పురము జిల్లా తానూరున విహారపు పడవ తలక్రిందులై 22 మంది, అందు అనేకులు పసిబిడ్డలు, మరణించిరి. ఆ పడవ పుట్టుకచే చేపల పడవ! చేపలు పట్టుటకు కట్టిన దానిపై మేడ లేపి, మనుష్యుల నెక్కించిరి. చేపల పడవకు కావలసిన నిలుకడ వేరు. మేడపై నిలిచి ఒక ప్రక్కకే ఒరిగి దృశ్యములు చూచు జనమునకు కావలసిన నిలుకడ వేరు. యజమాని తనకు అనుకూలమైన పుస్తకమును ఎంచుకొని, పిదప పడవ వృత్తిని మార్చినచో కనిపెట్టువారెవరు? చట్టము ఎంపిక నియ్యకున్నను అలవాటు ఇచ్చుచున్నది. మా భయమంతయు ఇచ్చటనే.

దీనికి కొందరు సులభమైన మందు చెప్పుచున్నారు: సర్వమును ఢిల్లీకి అప్పగింపుడు, సముద్రనౌకలవలె నదీపడవలను గూడ కేంద్రమే నమోదు చేయవలెనని. మేము ఒప్పుకొనజాలము. కచ్చులూరు సుడి ఢిల్లీకి కనపడదు. ఆషాఢమున నీరెట్లు తిరుగునో, ఏ రాయి ఏ నెలలో మునిగియుండునో రేవున నుండువానికే తెలియును. తనిఖీ చేయువాడు దూరమైన కొలది తనిఖీ కాగితముపైనే జరుగును. ఇంకను కొందరు దీనికి విపరీతముగ, నది రాష్ట్రపు ఆస్తి, కేంద్రపు చిట్టా మనకేల అందురు. వారికిని మా ప్రశ్న ఒకటి. సాగరమున రెండు రాష్ట్రముల లాంచీలు ఎదురుపడినప్పుడు, ఒకచోట తిరస్కరింపబడిన పాతపడవ రంగు మార్చుకొని రెండవచోట ప్రత్యక్షమైనప్పుడు, ఉమ్మడి చిట్టా లేక మీరెట్లు కనిపెట్టుదురు?

ఈ రెండింటి నడుమ మార్గము కలదని మన జాలరులే చూపుచున్నారు. 2008 నవంబరున బొంబాయిపై దాడి చేసిన ముష్కరులు "కుబేర్" అను గుజరాతు చేపల పడవను చేజిక్కించుకొని వచ్చిరి. ఆ దెబ్బతో దేశమంతట చేపల పడవలకు ఏకరూప నమోదు వచ్చినది. విశాఖ రేవున నిలిచి చూడుడు: పడవ ప్రక్కన దేశపు గుర్తు, దాని వెంబడి రాష్ట్రపు గుర్తు, పిదప రేవు గుర్తు, తరువాత అంకె. నమోదు చేయువారు రాష్ట్ర మత్స్యశాఖవారు. చిట్టా దేశమునకంతకు ఒకటి. ఈ గుర్తు విలువ శ్రీకాకుళము జాలరులనడిగిన తెలియును. బ్రతుకుదెరువునకై గుజరాతుకు పోయి, అచ్చటి యజమానుల పడవలలో పనిచేయుచు, 2018 నవంబరున పాకిస్తానువారి చేత చిక్కి, 2020 జనవరిలో 20 మంది విడుదలయి వచ్చిరి. పడవ ఒక రాష్ట్రముది, ప్రాణములు మరియొక రాష్ట్రమువి. పరదేశపు చెరలో నున్నవానికి వాని పడవ, వాని పేరు ఒక జాతీయ చిట్టాలో నుండుట ఎంత ఆధారమో వేరుగ చెప్పనక్కరలేదు.

కాగా నాటుపడవలను, తెప్పలను, పుట్టీలను గూర్చి ఒక మాట. యంత్రము లేని పడవల నమోదును స్థానిక సంస్థలకు అప్పగించు వీలు 2021 చట్టమున కలదు. ఇది సబబైనది. ఏటి కావలికి పోవు రైతును, గాలము వేసి బ్రతుకు బెస్తవానిని జిల్లా కచేరీల చుట్టు త్రిప్పుట పాపము. పంచాయతీ పుస్తకమున ఒక్క పంక్తి వ్రాసి, ఎందరెక్కవచ్చునో పడవపై తెలుపురంగుతో వేసిన చాలును. లాంచీ యజమానికి కఠినముగను, తెడ్డువానికి మృదువుగను ఉండుటయే ధర్మము. మన కచేరీలలో తరచు దీనికి తలక్రిందులుగ జరుగుచుండుట ఎల్లరెరిగినదే.

కావున మేము రెండు తెలుగు ప్రభుత్వములను కోరునవి ఇవి. మొదటిది: ఒక లాంచీకి ఒకే పుస్తకము, ఒకే బాధ్యుడు. తక్కిన శాఖలు తమ మాటను ఆ అధికారికి చెప్పుకొనవలెను. అనుమతియు, నిరాకరణయు ఆతని సంతకముతోనే వెలువడవలెను. రెండవది: తనిఖీ పత్రపు నకలు తెలుగులో, పెద్ద అక్షరములతో, టిక్కెట్టు కిటికీ వద్దనే వ్రేలాడవలెను, అందు తనిఖీ జరిగిన తేది, గడువు తేది, ఎక్కదగిన జనసంఖ్య, సరంగు పేరు ఉండవలెను. మూడవది: నీరు ఇంత పెరిగిన లాంచీ కదలరాదను గుర్తును ప్రతి రేవున రాతిపై ఎర్రరంగుతో వేయవలెను, ఆ గుర్తు మునిగిన దినమున ఎవరి సిఫారసును పనికిరాదు. నాల్గవది: పడవ వృత్తి మారినచో పాతనమోదు రద్దై, క్రొత్త తనిఖీ మొదటి నుండి జరుగవలెను. ఐదవది: ఉమ్మడి చిట్టాను సామాన్యుడు తన సెల్‌ఫోనున చూచుకొను వీలు కల్పించి, లాంచీ అంకె కొట్టిన వెంటనే దాని చరిత్ర తెలియునట్లు చేయవలెను. మన పేటలో ఇంటింట కంప్యూటరు నిపుణులున్నారు. ఇది అసాధ్యమని వారెవరును అనరు.

ప్రభుత్వములను అడిగినంత మాత్రమున మన పని తీరదు. కార్తికమాసము వచ్చుచున్నదనగా మన వీధులనుండి బస్సులు పాపికొండలకు, సాగరమునకు బయలుదేరును. హోటలు గదికి నక్షత్రములెన్ని యని విచారించు మనము, లాంచీకి తనిఖీ ఎన్నడు జరిగినదని అడుగము. లైఫ్ జాకెట్టు ఇచ్చినచో ఉక్కపోయుచున్నదని విప్పివేయుదుము. ఫోటో బాగుగ రాదని విప్పివేయుదుము. అరువదిమందికి చోటున్న దానిలో తొంబది మంది ఎక్కినను, మనకు కిటికీ చోటు దొరికిన చాలునని సర్దుకొందుము. చిన్న నీరే కదా యని ఏమరుటయు కూడదు. మన హుస్సేన్ సాగరముననే 1990 మార్చి 10న బుద్ధ విగ్రహమును మోయుచున్న పంటు ఒరిగి, విగ్రహముతో పాటు పనివారును నీటిపాలైరి. విగ్రహమును 1992 డిసెంబరులో పైకెత్తి నిలిపినాము. పోయిన కూలీలను ఎవ్వరును పైకెత్తజాలరైరి.

మా వృద్ధమిత్రుల ప్రశ్నకు ఇదిగో మా ప్రత్యుత్తరము. పాపికొండల లాంచీకి రాష్ట్రపు ముద్ర యుండవలెను. ఆ ముద్ర వెనుక దేశపు చట్టము ఉండవలెను. ఆ చట్టము వెనుక పేరు, ఊరు, సంతకము గల ఒక మనుష్యుడు ఉండవలెను. ఆ మూడవది కొరవడినచో ముందటి రెండును తడిసిన కాగితములే. ఈ కార్తికమున రేవుకు పోవు ప్రతి సోదరుడును, ప్రతి సోదరియు, టిక్కెట్టుకై చేయి చాచుటకు ముందు తనిఖీ పత్రము ఎక్కడ నున్నదని అడుగుదురు గాక. చూపని లాంచీ ఎక్కకుందురు గాక. వంద కుటుంబములు ఒక్క ఆదివారము ఎక్కక తిరిగి వచ్చినచో, మరుసటి ఆదివారమునకు ఆ పత్రము తప్పక గోడపై వ్రేలాడును.